ఇసుక మిగిలిన కుర్చీ

నా పని ఇసుక.
పద్నాలుగేళ్ళకి క్రెట్ష్మార్ గారి షెడ్డులో చేరినప్పుడు
గొట్టాలు వంచడం నేర్పుతారనుకున్నాను.
పార చేతికిచ్చారు.

చోపావు ఏటి ఇసుక.
తెచ్చి జల్లించాలి, వెడల్పు రేకు మీద
రవ్వ వేయించినట్టు మాడకుండా తిప్పుతూ ఉండాలి.
చెమ్మ చుక్కంత మిగిలినా
కొలిమి దగ్గర అది ఆవిరై
గొట్టం మూతిలోని చెక్కబిరడాని తూటాలా విసురుతుంది.
నాకు ముందు పనిచేసిన ఆర్నో
ఆ పాఠానికి ఎడమకన్ను ఫీజు కట్టాడు.

ఇసుక పోస్తూ కొయ్యసుత్తితో గొట్టాన్ని తట్టాలి.
ముందు గలగలమంటుంది, ఏమీ ఎరగని పిల్లలా.
నిండేకొద్దీ గొంతు దిగుతుంది.
ఎంత కొట్టినా పలకనప్పుడు ఆపాలి.
బోలుగొట్టం వంచితే ఒంపు దగ్గర నలిగి చస్తుంది.
లోపల ఇసుక ఉంటే
వీపు గోక్కునే బాతు మెడలా
నున్నగా, తీరిగ్గా తిరుగుతుంది.

అప్పటిదాకా మేం చేసినవి
సైకిల్ హ్యాండిళ్ళు, ఆస్పత్రి మంచాలు.
ఇరవై ఎనిమిదిలో, మంచు కరిగే రోజుల్లో
బెర్లిన్ నుంచి ఒక కుర్రాడొచ్చాడు,
చంకలో కాగితాల చుట్ట, చెప్పులకి బురద.
బల్ల మీద బొమ్మ పరిచాడు.
క్రెట్ష్మార్ గారు కళ్ళద్దాలు తుడిచి మరీ చూశారు.
"వెనక కాళ్ళు గీయడం మర్చిపోయావు బాబూ."
"మర్చిపోలేదు. రేపటి మనిషి గాలి మీద కూర్చుంటాడు."
"మరి ఇవాళ్టివాడు?"
కుర్రాడు నవ్వలేదు.

మొదటి కుర్చీలో మేస్త్రీగారే కూర్చున్నారు, తొంభై కిలోలు.
అది ఎంతో మర్యాదగా వంగి
నేలకి దణ్ణం పెట్టింది.
రెండోది ఇంకొంచెం ఆలస్యంగా పెట్టింది.
మూడోదానికి, కుర్రాడు భోజనానికెళ్ళినప్పుడు,
ముందువైపు రెండు ఒంపుల్లోకి
గట్టి ఇనుపకడ్డీ దూర్చి బిగించారు.
"చెప్పకు," అన్నారు నాతో.
"గాలి పేరు గాలికే ఉండనీ."

కడ్డీ వెనకాల గుప్పెడు ఇసుక చిక్కుకుపోయింది.
తలకిందులు చేశాను, దులిపాను, ఊదాను.
రాలేదు.
అదీ చెప్పలేదు నేను.

నికెల్ తొట్టిలోంచి లేచేసరికి
షెడ్డులోని మసి మొహాలన్నీ సాగిపోయి అందులో కనిపించాయి.
నొవోట్నిక్ అమ్మ మైనం పట్టించిన ఇనుపనూలు గుడ్డని
వీపుకొకటి, కూర్చోడానికొకటి లాగి కుట్టింది.
నూలు ఆమె వేళ్ళు కోసింది. "శవాల గదిలో వెయ్యండి దీన్ని,"
అని దారం పళ్ళతో తెంపింది.

కుర్రాడు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.
కుర్చీ ఊగింది. లోపల ఎక్కడో
*స్స్స్*.
"విన్నారా? ఉక్కు ఊపిరి పీలుస్తోంది!"
మేస్త్రీగారు నా వైపు చూశారు.
నేను నా గోళ్ళు చూసుకున్నాను.

పన్నెండు చేశాం అలాంటివి.
ధర అరవై మార్కులు, నా వారం జీతం తొమ్మిది.
ఆ తర్వాత కొన్నేళ్ళకి
ఆ షెడ్డులోనే గొట్టాల్లో ఇంకేవో నింపడం మొదలైంది.
ఆ సంగతి వద్దు.

యాభై ఏడులో, నవంబరు, లైప్‌జిగ్.
పంటి డాక్టరు గది బయట
గోడవారన ఒకటే కుర్చీ ఖాళీగా ఉంది.
నికెల్ పొట్టు లేచింది, నూలు పోయి
ఆకుపచ్చ రెక్సిన్ వచ్చింది.
దవడ పట్టుకుని కూలబడ్డాను.

*స్స్స్*.

ముందుకి వంగాను. మళ్ళీ వెనక్కి.
ఎంత బాగా వేయించానో!
ఇరవై తొమ్మిదేళ్ళయినా గడ్డకట్టలేదు.
నర్సు తలుపు తీసి నా పేరు పిలిచింది.
పక్కనున్న పిల్లాణ్ణి చూపించాను, వాణ్ణి తీసుకెళ్ళమని.
తర్వాత ఒక పోస్ట్‌మాన్‌ని.
తర్వాత గొడుగు మర్చిపోయి మళ్ళీ వచ్చిన ముసలావిడ
నాకేసి వింతగా చూసింది.

పన్ను సలుపుతూనే ఉంది.
ఊగుతూనే ఉన్నాను.